శని పేరున్న కారు కొనొచ్చా? రెండు శాటర్న్‌లతో నా పదహారేళ్ళు

ప్రశ్న: కాన్సస్ సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాను. మా ఇంటి ఓనరు తన 2007 శాటర్న్ అయాన్‌ని 1,900 డాలర్లకి ఇస్తానంటున్నాడు. ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయిందట. ఎందుకు మూతపడింది? ఇప్పుడు కొంటే స్పేర్ పార్టులు దొరుకుతాయా? వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

వాడినవాణ్ణే చెబుతున్నాను. 1999 నుంచి 2006 దాకా ఎస్ఎల్1 అనే చిన్నకారు, 2004 నుంచి 2015 దాకా వ్యూ అనే ఎస్‌యూవీ, రెండూ శాటర్న్‌లే. తొందరలో ఉంటే చివరి నాలుగు పేరాలు చదువుకోండి, మీకు కావాల్సింది అక్కడుంది. తీరిక ఉంటే మొదటినుంచీ రండి. ఈ కారు గురించి తెలుగులో మాట్లాడే అవకాశం నాకు మళ్ళీ మళ్ళీ రాదు.

1999 ఆగస్టులో వైటూకే పుణ్యమా అని నాష్‌విల్‌లో దిగాను. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్. బస్సుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, కారు లేకపోతే కొత్తిమీర కట్టకి కూడా ఎవరినో ఒకరిని బతిమాలాలి. మా పైవాటాలో ఉండే అన్న ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్ళిపోతూ తన 1996 ఎస్ఎల్1 అమ్మకానికి పెట్టాడు. ముదురాకుపచ్చ రంగు, 58 వేల మైళ్ళు, 4,300 డాలర్లు. మాలో ముగ్గురికి ఆటోమేటిక్ తప్ప రాదు. నేను మా మామయ్య అంబాసిడర్ మీద క్లచ్చు నేర్చుకున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హతతో గేర్ల కారు నాకొచ్చింది.

ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. పేరేంట్రా అంది అమ్మ. శాటర్న్ అన్నాను. పక్కనుంచి మా చెల్లి అర్థం చెప్పేసింది. కాసేపు అవతల మాటలేదు. తర్వాత "ఏ రోజు తెచ్చుకున్నావు?" అంది. ఆ రోజు శనివారం. శనివారం ఇనుము ఇంటికి తేకూడదని మా ఇంట్లో మేకు కూడా కొనరు. "ఇది ఇనుము కాదులే అమ్మా, తలుపులన్నీ ప్లాస్టిక్కే" అన్నాను. ఆవిడకి ధైర్యం చెబుదామనే అన్నాను గానీ, ప్లాస్టిక్ కారు అనేసరికి టెన్షన్ ఇంకాస్త పెరిగింది.

నిజానికి ఆ పేరు గ్రహానిది కాదు. చంద్రుడి మీదికి అమెరికా వాళ్ళను తీసుకెళ్ళిన శాటర్న్ రాకెట్టుది. అంతరిక్ష పందెంలో రష్యాని దాటినట్టు చిన్నకార్లలో జపాన్‌ని దాటాలని జనరల్ మోటార్స్ (జీఎం) కోరిక. 1980ల మొదట్లో వాళ్ళ పరిస్థితి అలా ఉంది మరి. హోండా వాళ్ళు 1982 నుంచే ఒహాయోలో కార్లు తయారుచేస్తున్నారు. అమెరికా మధ్యతరగతి కుర్రాళ్ళు మొదటి కారంటే హోండా, టొయోటా వైపు చూస్తున్నారు. అప్పటి జీఎం ఛైర్మన్ రోజర్ స్మిత్, 1985 జనవరిలో శాటర్న్‌ని విడి కంపెనీగా పెడుతున్నట్టు ప్రకటించాడు. వేరే ఫ్యాక్టరీ, వేరే డీలర్లు, కార్మిక సంఘంతో వేరే ఒప్పందం. ఉమ్మడి కుటుంబంలో చిన్నకొడుక్కి వేరే ఇల్లు కట్టి ఇచ్చినట్టన్నమాట. మిగతా కొడుకులు ఊరుకుంటారా? ఆ కథ తర్వాత.

ఫ్యాక్టరీని టెనెసీలో స్ప్రింగ్ హిల్ అనే చిన్న ఊళ్ళో కట్టారు. నాష్‌విల్‌కి దక్షిణంగా ఓ యాభై కిలోమీటర్లు. 1990 జులై 30న మొదటి కారు లైను దిగితే స్మిత్ స్వయంగా వచ్చి నడిపాడు, మర్నాడే రిటైరైపోయాడు.

2001 వేసవిలో అమ్మానాన్నా వచ్చినప్పుడు నాన్నని ఆ ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్ళాను. నయాగరా తర్వాత చూద్దాం, ముందు ఇది చూపించు అన్నాడాయన. తెనాలి ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి. పాత గుర్రపుశాలని బాగుచేసి సందర్శకుల కేంద్రం చేశారు, అక్కణ్ణుంచి లోపలికి తీసుకెళ్ళి చూపించారు. లోపల ఆయన్ని కట్టిపడేసింది రోబోలు కాదు, నేల. కార్లు గొలుసు మీద వేలాడుతూ పోకుండా చెక్కపలకల వెడల్పాటి బల్లల మీద కూర్చుని నెమ్మదిగా కదులుతున్నాయి. పనివాళ్ళు ఆ బల్ల మీదే నిలబడి కారుతోపాటు కదులుతూ పనిచేసుకుంటున్నారు. కారు వెంట నడవక్కర్లేదు, కాంక్రీటు మీద నిలబడి మోకాళ్ళు అరగ్గొట్టుకోనక్కర్లేదు. ఎక్కడైనా తేడా వస్తే ఏ కార్మికుడైనా లైను ఆపొచ్చట. నాన్న చాలాసేపు ఆ చెక్కలకేసే చూశాడు. "మేం గోతిలో దిగి, మెడ పైకెత్తి, డీజిల్ కంట్లో పడుతుంటే చేసేవాళ్ళం. వీళ్ళెవడో పనివాణ్ణి అడిగి కట్టారు" అన్నాడు.

ఆ మాట నిజమే. ఫ్యాక్టరీ ఎలా ఉండాలో కాగితాల మీద గీసిన తొలి బృందంలో కార్మిక సంఘం వాళ్ళు, మేనేజర్లు కలిసే కూర్చున్నారు. జీతంలో కొంతభాగం నాణ్యతకీ ఉత్పత్తికీ ముడిపెట్టుకోవడానికి కార్మికులు ఒప్పుకున్నారు, బదులుగా నిర్ణయాల్లో వాటా తీసుకున్నారు. అమెరికా కార్ల పరిశ్రమలో అప్పట్లో ఇది చాలామందికి మింగుడుపడని వ్యవహారం.

ఇక ప్లాస్టిక్ సంగతి. తలుపులు, ఫెండర్లు (ముందు చక్రాల మీదుండే పలకలు) ప్లాస్టిక్, బానెట్టు, పైకప్పు, డిక్కీ మూత మాత్రం ఉక్కు. లోపల ఉక్కు చట్రం ఉంటుంది, దానికి ఈ పలకలు బిగిస్తారు. నాన్న మొదటిరోజే వేలితో తలుపుని తట్టి, "బిందె మోగినట్టు మోగుతోందేంట్రా" అన్నాడు. అమ్మ మాత్రం ఇనుము కాదని తనే చూసుకుని ఊపిరి పీల్చుకుంది. వాల్‌మార్ట్ పార్కింగులో గాలికి కొట్టుకొచ్చిన తోపుడుబండి మా కారు తలుపుకి ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు. ఒక్క సొట్ట లేదు. లోపలికి వంగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేసేది. దీనికి మూల్యం ఏమిటంటే పలకల మధ్య సందులు. ఎండకి ప్లాస్టిక్ ఉబ్బుతుంది కాబట్టి చోటు వదలాలి. మా ఆవిడ పెళ్ళయి వచ్చిన కొత్తలో తలుపుకీ ఫెండరుకీ మధ్య చిటికెన వేలి గోరు దూర్చి చూపించి, "దీన్ని ఇంకా పూర్తిగా బిగించలేదా?" అని అడిగింది.

ఇంకో మూల్యం చలికాలంలో తెలిసింది. 2003 జనవరిలో మంచు మీద జారి మా వీధి చివర ఉత్తరాల డబ్బా గుంజకి తగిలించాను. తప్పు పూర్తిగా నాదే, ఆ వేగంతో మలుపు తిరగకూడదు. ఉక్కయితే సొట్టపడేది, ఇది గడ్డకట్టే చలిలో ఉంది కాబట్టి కుడి ఫెండరు అప్పడంలా పగిలింది. బాడీ షాపువాడు చెప్పిన ధర విని పాతకార్ల యార్డుకి పోయాను. సరిగ్గా అదే రంగు ఎస్ఎల్ ఒకటి వెనకనుంచి గుద్దుకుని పడుంది. ముందు ఫెండరు భేషుగ్గా ఉంది. స్పానరూ, స్క్రూడ్రైవరూ పట్టుకుని మధ్యాహ్నానికల్లా విప్పేశాను, సాయంత్రానికి నా కారుకి బిగించేశాను. పెయింట్ ఖర్చు సున్నా. కారు నాదే అన్న భావన నాకు ఆ రోజు వచ్చింది, కొన్న రోజు కాదు.

ఇంజన్ గురించి ఎస్-సిరీస్, అంటే మా ఎస్ఎల్1 లాంటి కార్లు, వాడినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆ 1.9 లీటర్ల ఇంజన్ వయసు మీదపడ్డాక ఆయిల్ తాగుతుంది. పిస్టన్ మీద ఆయిల్ రింగు ఉండే గాడిలోంచి ఆయిల్ వెనక్కి దిగే దారి సరిపోదు, రింగు మసిపట్టి బిగుసుకుపోతుంది, ఆయిల్ పైకి పోయి మండిపోతుంది. పొగ కూడా పెద్దగా కనిపించదు కాబట్టి చాలామందికి తెలిసేసరికి ఆలస్యమైపోయేది. దీనికి టైమింగ్ బెల్టు ఉండదు, చెయిన్ ఉంటుంది, దానికీ ఆ ఆయిలే ఆధారం. నాకు కారు అమ్మిన అన్న తాళాలిస్తూ చెప్పిన మాట ఒక్కటే: "రెండుసార్లు పెట్రోలు కొట్టిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడు." ఏడేళ్ళూ డిక్కీలో ఆయిల్ డబ్బా పెట్టుకునే తిరిగాను. హైవే మీద గ్యాలనుకి 38 మైళ్ళు ఇచ్చేది. 1,61,000 మైళ్ళ దగ్గర ఓ స్టూడెంట్‌కి అమ్మాను, అదే సలహాతో సహా.

నిజం చెప్పాలంటే అదేమీ గొప్ప కారు కాదు. ఇంజన్ చప్పుడు ఎక్కువ, సీట్లు పల్చన. పక్కన కరోలా పెట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. మరి జనం ఎందుకంత ప్రేమించారంటే, షోరూమ్ వల్ల. అమెరికాలో కారు కొనడమంటే మన సుల్తాన్ బజార్ బేరం కన్నా ఘోరం. సేల్స్‌మన్ లోపలికి వెళ్ళి "మా మేనేజర్‌ని అడుగుతా" అంటూ మూడుగంటలు కూర్చోబెడతాడు. శాటర్న్‌లో అద్దం మీద రాసిన ధరే ధర. మీకూ అంతే, మీ వెనకాల వచ్చిన లాయరుకీ అంతే. 1991లో సప్లయర్ పంపిన కూలెంట్ సరిగా లేక ఇంజన్లు దెబ్బతింటున్నాయని తేలితే, 1,800 పైచిలుకు కార్లను వెనక్కి తీసుకుని వాటి బదులు కొత్త కార్లే ఇచ్చారు. అలాస్కాలో ఒక దీవిలో ఉన్నావిడ కారుకి సీటు మార్చడానికి మనిషిని పంపిన కథ వాళ్ళ టీవీ ప్రకటనల్లోనే వచ్చింది.

1994 జూన్‌లో ఓనర్లందరినీ స్ప్రింగ్ హిల్‌కి రమ్మని పిలిస్తే 44,000 మంది వచ్చారు. కారు కొన్నందుకు ఫ్యాక్టరీకి తీర్థయాత్ర! మా టీమ్‌లో ఓ పెద్దావిడ అక్కణ్ణుంచి తెచ్చుకున్న టీషర్టు వెలిసిపోయినా శుక్రవారాలు వేసుకొచ్చేది. వాన పడిందట, బురదట, అయినా తన కారు బిగించిన మనిషితో చేయి కలిపానని చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. ఆ ఏడాదే వాళ్ళ అమ్మకాలు గరిష్ఠానికి, దాదాపు 2,86,000కి చేరాయి. మళ్ళీ ఎప్పుడూ అంత ఎత్తుకి పోలేదు.

2004లో మా పెద్దది పుట్టాక కొత్త వ్యూ తీసుకున్నాం. ఆ ఏడాది నుంచి దాని వీ6 మోడల్లో హోండా ఇంజన్ వేశారు, 3.5 లీటర్లు, 250 హార్స్‌పవర్. జపాన్‌ని ఓడించడానికి పుట్టిన కంపెనీ హోండా ఇంజన్ కొనుక్కుని పెట్టుకుంది చూడండి. మేం ఎగబడి కొన్నది కూడా అందుకే. తాళాలిచ్చే రోజు షోరూమ్‌లో ఉన్నవాళ్ళంతా, మెకానిక్కులూ క్యాషియరూ సహా, పని ఆపి మా చుట్టూ చేరారు. చప్పట్లు కొట్టి, కేరింతలు పెట్టి, కారు ముందు మా ముగ్గురినీ నిలబెట్టి ఫొటో తీశారు. అక్కణ్ణుంచి నేరుగా నాష్‌విల్ గణేశుడి గుడికి వెళ్ళాం. పంతులుగారు పసుపు బొట్టుపెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఒకే మధ్యాహ్నం ఒకే కారుకి రెండు పూజలు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

మరి ఎందుకు పోయింది? నా లెక్కలో శాటర్న్‌ని బయటివాళ్ళెవరూ చంపలేదు, కన్నవాళ్ళే తిండి మాన్పించారు. 1990లలో దాదాపు పదేళ్ళపాటు వాళ్ళ చేతిలో ఉన్నది ఒకే చిన్నకారు, దాని రూపాంతరాలు. పిల్లలు పుట్టి పెద్దకారు కావాలనుకున్న ఓనర్లకి శాటర్న్‌లో కొనడానికి ఏమీ లేదు, పోయి హోండా కొనుక్కున్నారు. జీఎంలో షెవర్లే, ఓల్డ్స్‌మొబిల్ వాళ్ళకి మొదటినుంచీ కడుపుమంటే, మా డబ్బు ఆ చిన్నకొడుక్కి పోస్తున్నారని. చివరికి పెద్దకారు ఎల్-సిరీస్ వచ్చేసరికి 1999. అది కూడా అప్పట్లో జీఎం చేతిలో ఉన్న జర్మన్ కంపెనీ ఓపెల్ కారుని సాగదీసి డెలవేర్‌లో తయారుచేసింది, ఎవరూ పట్టించుకోలేదు. 2003 చివర్లో స్ప్రింగ్ హిల్ కార్మికులే ఓటేసి ఆ ప్రత్యేక ఒప్పందం వదిలేసుకున్నారు. కొత్త మోడళ్ళు రాని ఫ్యాక్టరీలో ప్రత్యేకత ఎవరికి కావాలి? ఆ తర్వాత శాటర్న్ అంటే వేరే పేరుపలక తగిలించిన జీఎం కారే. చిత్రమేమిటంటే అప్పుడొచ్చిన ఆరా మంచి కారు. 2007లో ఉత్తర అమెరికా మేటి కారు అవార్డు తెచ్చుకుంది. ఏం లాభం, అప్పటికే శాటర్న్ అంటే ఏమిటో జనం మర్చిపోయారు.

2009 జూన్ 1న జీఎం దివాలా తీసింది. ఆ వారంలోనే రోజర్ పెన్స్కే శాటర్న్‌ని కొంటానన్నాడు. రేసింగు ప్రపంచంలో పెద్ద పేరు, డీలర్‌షిప్‌లు నడిపే ఆసామి. కొన్నాళ్ళు జీఎం కార్లే తయారుచేసి ఇస్తుంది, తర్వాత వేరే కంపెనీ చేసిస్తుంది, ఈయన అమ్ముతాడు, అదీ పథకం. సెప్టెంబరు 30న ఆ రెండో కంపెనీ, ఫ్రాన్సుకి చెందిన రెనో, బోర్డు కాదంది. పెన్స్కే తప్పుకున్నాడు, శాటర్న్ మూతపడుతోందని అదే రోజు ప్రకటించారు. నేను ఆఫీసులో ఆ వార్త చదివి కిందికెళ్ళి కాసేపు కారులో కూర్చుని వచ్చాను. స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీ మాత్రం బతికే ఉంది, ఇప్పుడక్కడ క్యాడిలాక్ ఎలక్ట్రిక్ కార్లు తయారవుతున్నాయి.

ఇక మీ అయాన్. మొదట చూడాల్సింది ఇగ్నిషన్ స్విచ్. 2003 నుంచి 2007 దాకా వచ్చిన అయాన్లన్నీ 2014లో జీఎం చేసిన పెద్ద రీకాల్‌లో (లోపమున్న కార్లని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం) ఉన్నాయి. స్విచ్ లోపల పట్టు చాలదు, తాళాల గుత్తి బరువుకో గతుకుకో తాళం దానంతటదే 'రన్' నుంచి వెనక్కి జారిపోతుంది. పరుగెడుతున్న కారులో ఇంజన్ ఆగిపోతుంది, స్టీరింగు బిగుస్తుంది, అన్నిటికన్నా ఘోరం, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు. 2001లో అయాన్ మార్కెట్లోకి రాకముందు పరీక్షల్లోనే ఈ లోపం కనబడిందని జీఎమ్మే తర్వాత ఒప్పుకుంది. ఇలాంటి స్విచ్చులున్న అన్ని మోడళ్ళలో కలిపి 124 మరణాలకి పరిహారం ఇవ్వాల్సొచ్చింది. నేనైతే దీన్ని చిన్న విషయంగా తీసుకోను. ముందు అద్దం కింద, డ్రైవరు వైపు, 17 అక్షరాల విన్ నంబరు ఉంటుంది. ఫోనుతో ఫొటో తీసుకుని రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొట్టండి. స్విచ్‌ది గానీ, పవర్ స్టీరింగ్‌ది గానీ రీకాల్ మిగిలి ఉంటే కనిపిస్తుంది. ఓనరు నోటిమాట నమ్మొద్దు, పాపం ఆయనకీ తెలియకపోవచ్చు. శాటర్న్ పోయినా జీఎం ఉంది కాబట్టి, షెవర్లే డీలరుకి ఫోన్ చేసి అడగండి.

పార్టుల గురించి బెంగ అక్కర్లేదు. అయాన్‌లో 2.2 లీటర్ల ఇంజన్ షెవర్లే కోబాల్ట్‌లోనూ, ఇంకా బోలెడు జీఎం కార్లలోనూ ఉంది. బ్రేకులు, సెన్సార్లు, వాటర్ పంపు ఏ పార్టుల షాపులోనైనా దొరుకుతాయి. దీనికి కూడా చెయినే. దొరకనివి తలుపులు, ఫెండర్లు, లైట్లు. వాటికి పాతకార్ల యార్డే గతి, ఏడాదికేడాది యార్డుల్లో శాటర్న్‌లు తగ్గిపోతున్నాయి. మీటర్లు స్టీరింగు వెనక కాకుండా డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటాయి, కంగారుపడకండి, వారంలో అలవాటైపోతుంది.

మీ ఊళ్ళో చలికాలం రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కదా, అక్కడే అసలు కిటుకుంది. తలుపులు ప్లాస్టిక్ కాబట్టి ఇరవయ్యేళ్ళ కారైనా పైకి నిగనిగలాడుతుంది, కింద మాత్రం తుప్పు తినేసి ఉండొచ్చు. ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, తలుపుకి పెడితే జారిపోతుంది, పైకప్పుకి అతుక్కుంటుంది. ఆ తేడా ఒకసారి మీ చేత్తో మీరు చూస్తే, బయటి మెరుపు చూసి మోసపోరు. తర్వాత ఎనభై, వంద డాలర్లు పోయినా సరే, ఓనరుతో సంబంధం లేని షాపుకి తీసుకెళ్ళి లిఫ్టు మీద ఎక్కించి బ్రేకు పైపులు, ఇంజన్ మోసే కింది ఫ్రేము, డోర్ల కింది అంచు లోపలివైపు చూపించండి. ఓనరు చెప్పిన షాపుకి మాత్రం వద్దు.

కింద బాగుండి, రీకాల్ పనులు అయి ఉంటే, 1,900కి తప్పులేదు, 1,600 అడిగి చూడండి. బేరమాడకూడదన్న రూలు కంపెనీది, మీ ఓనరుది కాదు. కొన్నాక, స్విచ్ మార్చినా సరే, కారు తాళాన్ని ఇంటి తాళాల గుత్తిలో కలపకండి, దాన్నొక్కదాన్నే విడిగా ఉంచండి. శనివారమైనా సరే తెచ్చుకోండి, ఏం పర్లేదు, ప్లాస్టిక్కే కదా.